మెట్ల మలుపులో కంప్యూటరక్క

చిక్కడపల్లి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను మా మండల కార్యాలయంలో ఒక ముసలాయన దరఖాస్తు చదువుతున్నాను. ఫోన్ చేసింది అక్క పక్కింటావిడ. ఆవిడతో నాకు పెద్దగా పరిచయం లేదు. “మీ అక్క పోయింది మేడం, పొద్దుగాల” అని చెప్పి, “విన్నరా?” అని అడిగింది. విన్నానన్నాను. దరఖాస్తు చివరిదాకా చదివి, ఆ ముసలాయనకు వేలిముద్ర వేయవలసిన చోటు చూపించి, అప్పుడు లేచి వెనక వరండాలోకి వెళ్లాను.

వరండాలో నిలబడితే నాకు అశోక్ నగర్ హాస్టల్ మెట్లు గుర్తొచ్చాయి. ఇరుకు మెట్లు. ఒక పక్క గోడకు పాన్ మరకలు, ఇంకో పక్క తుప్పు పట్టిన కటకటాలు. ప్రతి మలుపు దగ్గరా ఒక చిన్న కిటికీ. ఆ కిటికీ దగ్గర ఒక చెయ్యి గోడకు ఆనించి, ఇంకో చెయ్యి గాల్లో తిప్పుతూ ఏదో చెబుతున్న మనిషి.

ఆమె నాకు సొంత అక్క కాదు. గ్రూప్స్ కోచింగ్ కోసం ఊరి నుంచి వచ్చి నేను ఆ హాస్టల్లో చేరినప్పుడు నాకు దొరికిన మంచం ఆమె మంచానికి ఎదురుగా ఉండేది, అంతే. అక్కడ మిగతా వాళ్లమంతా ఏదో ఒక సర్కారు పరీక్షకు చదువుకుంటున్నవాళ్లమే. గోడల నిండా రాజ్యాంగ అధికరణలు, నదుల పటాలు అతికించుకునేవాళ్లం. ఆమె ఒక్కతే పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని నారాయణగూడలో కంప్యూటర్ ఉద్యోగానికి పోయేది. అందుకే హాస్టల్ మొత్తం ఆమెను కంప్యూటరక్క అనేవాళ్లు. ఆమె అసలు పేరు సగం మందికి తెలియదు. నేను కూడా ఇక్కడ రాయను. నలుగురిలో తన పేరు వినపడితే తల దించుకునే మనిషి ఆమె.

మాది పై అంతస్తు గది. కిరాయి తక్కువ అక్కడే. సాయంత్రం నేను కోచింగ్ నుంచి వచ్చే వేళకూ ఆమె ఆఫీసు నుంచి వచ్చే వేళకూ చాలాసార్లు కుదిరేది. ఇద్దరం కలిసి మెట్లెక్కేవాళ్లం. ప్రతి మలుపులోనూ ఆమె ఆగేది. ఆగి, తన పని గురించి ఏదో ఒకటి మొదలుపెట్టేది. అది పూర్తిగా చెప్పేదాకా కదిలేది కాదు. వెనక వచ్చే పిల్లలు పక్కకు జరిగి, “కంప్యూటరక్క క్లాసు షురూ అయింది” అని నవ్వుకుంటూ పైకి పోయేవాళ్లు.

మొదటిసారి నేనే అడిగాను, నీ పనేంది అక్కా అని. అప్పుడు మొదటి మలుపులో ఉన్నాం.

“రెండు మిషన్లు మాట్లాడుకోవాలంటే చెరో దిక్కు ఒక తలుపు తెరుచుకోవాలె. దాన్ని సాకెట్ అంటరు” అంది. “గా తలుపుకు బోలెడు అమరికలుంటయ్. ఎంతసేపు ఎదురుచూడాలె, ఒక్కసారి ఎంత సామాను పట్టాలె, అవతలోడు పలుకకపోతే ఏం జెయ్యాలె. అవి ఇప్పుడు ఎట్లున్నయో చదువుత. అవసరముంటే మారుస్త. గంతే నా పని.”

“గంతేనా?” అన్నాను నేను.

“గంతే” అని, కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, ఇంకో మాట కలిపింది. “చదువకుండ మార్చేటోళ్లే ఎక్కువ.”

ఆ తర్వాత మలుపు మలుపుకూ ఆ చదవడమూ మార్చడమూ ఎంత తిరకాసు పనో చెబుతూ వచ్చింది. నాకు కంప్యూటరంటే కోచింగ్‌లో చెప్పే నాలుగు బిట్లు తప్ప ఏమీ తెలియదు. అయినా ఆమె చెబుతుంటే అర్థమయ్యేది. ఒకసారి ఆమె ఆ తలుపు దగ్గర సామాను పట్టడానికి ఇంత జాగా కావాలని అడిగిందట. సిస్టం సరేనంది. సరేనన్నది కదా అని వదిలేయకుండా ఇప్పుడు ఎంతుందో చెప్పమని మళ్లీ అడిగింది. అడిగినదానికి రెండింతలు చూపించింది. దాని సొంత లెక్కాపత్రాలకు కూడా జాగా కావాలి కాబట్టి అది మొదటి నుంచీ అంతే చేస్తుందట. ఎక్కడో రాసే ఉంటుందట. “నేను మల్ల అడగకపోతే నాకు తెల్వకపోవు. సరే అంటే ఒప్పుకున్నట్టు గాదు. ఏం ఒప్పుకున్నవో చెప్పు అనాలె” అంది. అదేదో సొంత మేనమామ తనను మోసం చేసినట్టు అంత పట్టుదలగా చెప్పింది.

ఈ అలవాటు ఆఫీసులోనే ఆగిపోతే బాగుండేది. మెస్‌లో వంటావిడకు కారం తగ్గించమని చెప్పేది. ఆవిడ సరేనంటే, “ఏం విన్నవక్కా?” అని అడిగేది. వంటావిడకు తిక్క రేగేది. మా గదిలో ఫ్యాన్ వేగం పెంచాలన్నా, ముందు ఆ రెగ్యులేటర్ ఎక్కడ ఉందో చూసి, పడుకున్నవాళ్లందరినీ పేరుపేరునా అడిగి, అప్పుడు తిప్పేది. తిప్పిన తర్వాత మళ్లీ అడిగేది. ఒక పిల్ల విసుగొచ్చి దుప్పటి ముసుగులోంచే, “సల్లగనే ఉన్నది, ఇగ పండు తల్లీ” అంది. కంప్యూటరక్క అది విని నిజంగానే తృప్తిగా పడుకుంది.

నాతోనూ అంతే. నేను ఏదైనా మాటిస్తే తిరిగి నా నోటితోనే చెప్పించుకునేది. మొదట్లో నాకు కోపం వచ్చేది, నన్ను నమ్మడం లేదని. తర్వాత తెలిసింది, తనను కూడా అలాగే అడగమంటుందని. ఆమె ఏదైనా ఒప్పుకున్నప్పుడు మనం, “ఏం ఒప్పుకున్నవు?” అని అడిగితే ముఖం వెలిగిపోయేది.

గ్రూప్స్ ఫలితాలు వచ్చిన రోజు సంగతి చెప్పాలి. ఆ రోజు నా పేరు రాలేదు. మధ్యాహ్నం నుంచి గోడవైపు తిరిగి పడుకున్నాను. గదిలోకి వచ్చిన ప్రతి వాళ్లూ ఒక ఓదార్పు మాట చెప్పి పోయారు. వచ్చేసారి తప్పకుండా వస్తుందన్నారు, కోర్టు కేసు పడుతుందన్నారు, కటాఫ్ మారుతుందన్నారు. ఆమె సాయంత్రం వచ్చి, బ్యాగు కింద పెట్టి, నా మంచం మీద కూర్చుని, “చెప్పు” అంది.

చెప్పాను. మార్కుల గురించి మొదలుపెట్టి, అమ్మ గాజులమ్మి పంపిన సంగతి దాకా, మా పెద్దనాన్న కొడుకు ఫోన్లో నవ్విన నవ్వు దాకా, ఇంక ఊరికి పోయి ఎవరికీ ముఖం చూపించలేనన్న దాకా మొత్తం చెప్పాను. ఆమె చివరిదాకా వింది. ఓదార్చలేదు. నేను ఆపేసిన తర్వాత కూడా కొంచెంసేపు చూసింది, ఇంకా ఏమన్నా ఉందేమోనని. తర్వాత కిందికి పోయి ఇద్దరికీ చాయ్ తెచ్చింది.

మిగతా వాళ్లు నెల రోజులు నన్ను పరామర్శిస్తూనే ఉన్నారు. ఆమె మాత్రం మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఒకరోజు రెండో మలుపులో నేనే అడిగాను, ఎందుకు మళ్లీ అడగలేదని.

“సాకెట్ల ఒక అమరిక ఉంటది” అంది. “తప్పేమన్న జరిగితే అండ్ల రాసి పెట్టుకుంటది. మనం చదివినమా, చదివిన ఎంటనే తుడిచేసుకుంటది. మల్ల అడిగితే ఏం లేదంటది. అందుకని ఒక్కసారి మంచిగ చదువుకోవాలె.”

“నేను తుడిచేసుకోలేదక్కా” అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. “అవునా” అంది. ఆ మాటకు సాకెట్ల నుంచి ఏ సమాధానమూ తేలేదు. నా భుజం మీద చెయ్యి వేసుకుని మిగతా మెట్లెక్కింది. ఆ చెయ్యి నన్ను ఓదార్చడానికే అనుకున్నాను. కొంత అందుకే. కొంత మాత్రం ఆసరాకు.

అది నాకు తెలిసింది ఆ ఎండాకాలంలో. కరెంటు లేదు. గాలి లేదు. కిందినుంచి రెండో మలుపు దాకా వచ్చేసరికి ఆమె ఆగింది. ఎప్పటిలా చెయ్యి తిప్పుతూ మొదలుపెట్టింది కానీ మాట రాలేదు. పెదవులు కదిలాయి. కిటికీ వెలుతురులో చూస్తే పెదవుల రంగు మారి ఉంది. నేను పుస్తకాలు మెట్టు మీద పెట్టాను.

“అక్కా, ఎందుకు ఆగుతవు ప్రతిసారి?”

ఊపిరి తీసుకుంది. “ఏం అడిగినవు?”

“మెట్ల మీద ఎందుకు ఆగుతవని అడిగిన.”

ఆమె మెట్టు మీద కూర్చుంది. అంత అలసటలోనూ నవ్వింది. “ఈ హాస్టల్ల ఇన్ని కళ్లున్నయి. అడిగింది నువ్వొక్కదానివే” అంది.

చిన్నప్పుడు, ఊళ్లో ఆరో తరగతిలో ఉండగా, ఆమెకు గొంతునొప్పి వచ్చి జ్వరం తగిలిందట. కీళ్లు వాచాయి. వాపు తగ్గితే అందరూ తగ్గిపోయిందనుకున్నారు. ఆ జ్వరం పోతూ పోతూ గుండెలో ఒక కవాటాన్ని పాడు చేసి పోయింది. అది సరిగ్గా మూసుకోదు. ఆ సంగతి డిగ్రీలో ఉండగా బయటపడింది. మూడు వారాలకోసారి ఇంజెక్షన్ చేయించుకోవాలి. ఆమె అప్పుడప్పుడు ఒక పక్కకు ఒరిగి నడుస్తూ వచ్చేది, బలానికి సూది వేయించుకున్నానని చెప్పేది. అదీ సంగతి. వాళ్లమ్మకు జబ్బు తెలుసు కానీ ఆయాసం ఎంత పెరిగిందో తెలియదు. ఆ తల్లే బీడీలు చుట్టి చదివించింది. తండ్రి లేడు.

“మీదికి ఎక్కంగ ఏదో ఒకటి చెప్తుంటె ఆగినట్టు కనిపియ్యదు గద” అంది, చాలా తెలివైన పని చేసినట్టు.

నేను కిందికి పోయి హాస్టల్ నడిపే ఆవిడతో నాకు మోకాలు నొప్పని చెప్పి, ఒకటో అంతస్తులో గది మార్పించుకున్నాను. ఇద్దరమూ ఒకేచోట ఉంటామని పట్టుబట్టాను. ఆ మోకాలు నొప్పి కోసం రెండు వారాలు కుంటుతూ నడిచాను. ఆమెకు అది చాలా నచ్చింది. ఎప్పుడైనా మరచిపోయి మామూలుగా నడిస్తే, “మోకాలు” అని మెల్లగా అనేది.

కొత్త గదికి ఒక్క మలుపే. పాఠాలు తగ్గిపోయాయి. మంచం మీద కూర్చుని చెప్పమంటే చెప్పేది కానీ, మెట్ల మీద చెప్పినంత బాగా చెప్పేది కాదు.

ఇంజెక్షన్‌కు నేను తోడు పోవడం మొదలుపెట్టాను. నారాయణగూడలో ఒక చిన్న దవాఖానా. ఆ మందు చిక్కగా ఉంటుంది, ఎక్కడానికి చాలాసేపు పడుతుంది, విపరీతంగా నొప్పి పెడుతుంది. సూది దిగేటప్పుడు నన్ను ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమనేది. నాకు అప్పుడు నోటికొచ్చేవి అధికరణలే. వరసగా అవే అప్పచెప్పేదాన్ని. ఆమె పళ్లు బిగబట్టి వినేది. ఒకసారి నేను తప్పు చెబితే కళ్లు మూసుకునే, “అది గాదు” అంది. సిస్టర్ నవ్వింది. సూది తీసిన తర్వాత చూసుకుంటే ఆమె చెప్పిందే నిజం. విని విని ఆమెకూ వచ్చేసింది.

ఇప్పుడు ఆమె ఆఫీసు సంగతి. ఆరేడుగురున్న చిన్న కంపెనీ. దవాఖానాల్లో రోగుల మంచాల దగ్గర గుండె వేగమూ ఊపిరీ చూపించే మిషన్లుంటాయి కదా, ఆ అంకెలన్నీ వార్డులో నర్సు కూర్చునే చోటికి ఒకే తెర మీదికి తెచ్చే సాఫ్ట్‌వేర్ వాళ్లు చేసేవాళ్లు. మంచం దగ్గరి మిషన్‌కూ నర్సు తెరకూ మధ్య ఉండే తలుపులు ఈమె పని.

ఒకరోజు పరీక్ష చేస్తూ ఒక మిషన్ వైరు ఊరికే పీకి చూసిందట. తెర మీద అంకె మారలేదు. డెబ్బై రెండు అని అలాగే నిలబడిపోయింది. అవతల ఎవరూ లేరు, ఇవతల డెబ్బై రెండు. అవతలి వాళ్లు పలుకుతున్నారో లేదో కనుక్కునే అమరిక ఎలా ఉందని చదివితే, అది అసలు ఆపి ఉంది. ఆన్ చేసింది. ఆన్ చేసిన తర్వాత అలవాటుగా మళ్లీ చదివింది. రెండు గంటలు సప్పుడు లేకపోతే అప్పుడు కనుక్కుంటానని ఉంది.

“రెండు గంటలు” అని నాతో అంది ఆ సాయంత్రం. అన్నం తినలేదు.

దాన్ని సెకన్లకు తగ్గించింది. అవతలి నుంచి జవాబు లేకపోతే వెంటనే గంట మోగేటట్టు పెట్టింది. ఒక దవాఖానాలో పెట్టారు. పెట్టిన వారంలోనే ఫిర్యాదులొచ్చాయి. గంట మోగుతూనే ఉందట. మాటిమాటికీ వైఫై తెగుతుంది, మళ్లీ కలుస్తుంది, తెగిన ప్రతిసారీ గంట. ఆ దవాఖానా వాళ్లు ఇలాగైతే మీ సామాను తీసుకుపొమ్మన్నారు. ఆ కంపెనీకి అప్పటికి ఉన్న పెద్ద పని అదొక్కటే. మేనేజరు ఆమెను పిలిచి, పది నిమిషాలకు పెంచమన్నాడు. ఆమె పెంచనంది. ఆఫీసులో మిగతావాళ్లు ఆమెతో మాట్లాడడం తగ్గించారు. పక్క కుర్చీలో ఉండే అతనికి అప్పుడే కొడుకు పుట్టాడు. “నీకేమక్కా, ఒక్కదానివి. నా నౌకరి పోతే నేనేం జెయ్యాలె” అన్నాడట. ఆ మాట ఆమెను చాలా బాధపెట్టింది. అతని మీద కోపం వచ్చి కాదు. అతని భయం నిజమే కాబట్టి. ఆ రోజుల్లో ఆమె నిద్రలో కూడా వేళ్లు కదిలించేది.

చివరికి మేనేజరును ఒక్కరోజు ఆగమని బతిమాలి ఆ దవాఖానాకు పోయింది. వార్డు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు రోగులకే అన్నారట. ఆగి ఆగి మెట్లెక్కింది. పొద్దంతా నర్సుల బల్ల పక్కన ఒక స్టూలు వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం అన్నాలప్పుడు ఒక పెద్ద నర్సు ఆమెకు తన డబ్బాలోంచి ఇంత పులిహోర పెట్టి, ఉన్నమాట చెప్పిందట. మొదటి రెండు రోజులూ గంట మోగినప్పుడల్లా పరిగెత్తామని, ఇప్పుడు మోగినా తల తిప్పి చూడటం మానేశామని. నిజంగా ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చినా అదీ ఆ గంటల్లోనే కలిసిపోతుందని.

సాయంత్రం హాస్టల్‌కు వచ్చి ఆమె మంచం మీద కూర్చోలేదు. నన్ను మెట్ల దగ్గరికి రమ్మంది. పైన ఏ పనీ లేకపోయినా రెండో మలుపు దాకా ఎక్కించి, అక్కడ ఆగి చెప్పింది.

“సాకెట్‌ను అడిగిన. మార్చిన. మల్ల అడిగిన. అంత మంచిగనే చేసిన అనుకున్న” అంది. “నర్సును మాత్రం అడగలే.”

తర్వాత వారం రోజులు కూర్చుని పని మొత్తం మార్చింది. జవాబు రాకపోతే గంట మోగదు. ముందు ఆ అంకె రంగు వెలిసిపోయినట్టు బూడిద రంగులోకి పోతుంది. ఇది పాతది, నమ్మొద్దు అని చెప్పినట్టు. కొంచెంసేపట్లో కలిస్తే మళ్లీ రంగు వస్తుంది. అప్పటికీ కలవకపోతేనే గంట. ఎంతసేపు ఆగాలన్నది ఆ పెద్ద నర్సును అడిగి పెట్టింది. పెట్టిన తర్వాత పోయి మళ్లీ అడిగింది.

ఆ దవాఖానా వాళ్లు సామాను తీసుకుపొమ్మనలేదు. పక్క కుర్చీ అతను మిఠాయి తెచ్చాడట. కొన్నాళ్లకు ఆ పెద్ద నర్సు ఆమెకు ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను. ఒక తాత మిషన్ వైరుతో సహా అన్నీ పీక్కుని మంచం దిగబోతున్నాడట. తెర మీద అంకె బూడిద రంగైతే, ఏందా అని లేచి పోయి పట్టుకుందట. సగం కిందికి జారి ఉన్నాడు. పడితే తుంటి విరిగేది. ఆమె ఫోన్ పెట్టేసి, “తాతకు ఏం గాలేదట” అంది. మళ్లీ తనే, “తాతను ఎవలన్న అడిగిన్రో లేదో, ఎందుకు దిగుతున్నవని” అంది.

ఆ మరుసటి ఏడు నాకు ఉద్యోగం వచ్చింది. జిల్లాకు పోయాను. పోయేరోజు ఆమె నన్ను బస్సెక్కించడానికి రాలేదు, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా నడవలేకపోయింది. హాస్టల్ గేటు దగ్గరే నిలబడి, వారానికోసారి ఫోన్ చేస్తానని నా చేత అనిపించుకుంది. ఏం చేస్తానన్నావో మళ్లీ చెప్పమంది. చెప్పాను.

ఆమెకు ఆపరేషన్ తప్పదన్నారు. పాడైన కవాటం తీసి లోహపుది పెట్టాలి. వాళ్లమ్మ ఊరి నుంచి వచ్చేసింది. చిక్కడపల్లిలో కింది అంతస్తులో ఒక గది కిరాయికి తీసుకున్నారు. నేను సెలవు పెట్టి వచ్చాను. ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకుపోయే ముందు డాక్టరు వచ్చి అన్నీ వివరించి, సరేనా అమ్మా అని అడిగాడు. సరేనంది. ఆయన పోబోతుంటే, “నేను ఏం ఒప్పుకున్ననో ఒక్కసారి చెప్తరా సార్” అంది. ఆయన వెనక్కి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి మెల్లగా, ప్రమాదాలు కూడా దాచకుండా చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని తలూపింది. భయపడింది. భయపడిందని నాకు తెలుసు, ఎందుకంటే నా చెయ్యి వదల్లేదు.

బాగానే అయింది. ఆ తర్వాత రెండేళ్లకు పైగా ఆమె మెట్లు ఆగకుండా ఎక్కింది. ఒక ఆదివారం నేను వస్తే నన్ను పనిగట్టుకుని పాత హాస్టల్‌కు తీసుకుపోయి పై అంతస్తు దాకా ఒక్క ఊపున ఎక్కి చూపించింది. నాకే ఆయాసం వచ్చి మధ్యలో ఆగాను. పై నుంచి వంగి చూసి, “చెప్పు, ఏమన్న పాఠం చెప్పు” అంది. అంత గట్టిగా ఆమె నవ్వడం నేను మరెప్పుడూ వినలేదు.

లోహపు కవాటం చప్పుడు చేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ రోజు వాళ్ల గదిలో అన్నం తింటున్నప్పుడు ఫ్యాన్ ఆగిపోతే వినపడింది. గోడ గడియారం కంటే మెత్తగా, టిక్, టిక్ అని. నేను చుట్టూ చూశాను. ఆమె ముద్ద కలుపుకుంటూ తన గుండె వైపు వేలు చూపించింది. వాళ్లమ్మ మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

రక్తం గడ్డ కట్టకుండా ఆమె రోజూ మాత్ర వేసుకోవాలి, నెలనెలా రక్తం పరీక్ష చేయించుకోవాలి. చేయించుకునేది. అందరికంటే ఎక్కువగానే చేయించుకునేది. మాత్ర మోతాదు మార్చిన ప్రతిసారీ ఏమైందో చూసుకోకుండా వదిలేది కాదు. అయినా పోయిన నెలలో ఒక పొద్దున ఆఫీసుకు తయారవుతూ, జడ వేసుకుంటూ, కూలబడిపోయింది. తలలోకి రక్తం గడ్డ చేరిందన్నారు. రెండు రోజులు దవాఖానాలో ఉంది. మాట రాలేదు. రెండో రోజు నేను పోయేసరికి కళ్లు తెరిచే ఉంది. వినపడుతోందా అక్కా అని అడిగాను. నా వేలు పట్టుకుంది. ఏం విన్నావని అడగబుద్ధి కాలేదు. మరునాడు ఆఫీసులో తప్పనిసరి పనుండి పొద్దున్నే జిల్లాకు వెళ్లాను. ఫోన్ అక్కడికే వచ్చింది.

కార్యమంతా అయిపోయిన తర్వాత వాళ్లమ్మను చూడటానికి చిక్కడపల్లి వచ్చాను. గదిలో ఆమె ఒక్కతే ఉంది. ఆఫీసు వాళ్లు వచ్చి పోయారని, పక్క కుర్చీ అతను కొడుకును తీసుకొచ్చాడని, పెద్ద నర్సు వచ్చి చాలాసేపు కూర్చుందని చెప్పింది. ఊరికి పోతావా అమ్మా అని అడిగితే లేచి పొయ్యి దగ్గరికి పోయింది. చాయ్ పెట్టింది. ఇద్దరం తాగాం. మధ్యాహ్నమైంది. బయట కూరగాయల బండి అతను ఆగి, కేక వేసి, వెళ్లిపోయాడు.

“నిద్ర పడ్తలేదు బిడ్డా” అంది. “ఆపరేషన్ అయిన కొత్తల గా సప్పుడుకు పడకపోయేది. చెవులల్ల దూది పెట్టుకునేదాన్ని. ఇప్పుడు గది ఉత్తగ ఉన్నది.”

ఆమె చాప పరిచి, నన్ను కూడా కాసేపు ఒరగమంది. ఆమెకు ముఖం చూపించలేక గోడ వైపు తిరిగి పడుకున్నాను. కొంచెంసేపటికి ఆమె నా దగ్గరికి జరిగింది. నా వీపుకు చెవి ఆనించింది. బీడీ ఆకు కత్తిరించి కత్తిరించి గరుకెక్కిన చెయ్యి నా భుజం మీద వేసి, ఊపిరి బిగబట్టి వింది.

“నీది వినొస్తలేదు బిడ్డా” అంది.

బాగున్న గుండె చప్పుడు బయటికి అలా వినపడదు. అది ఆమెతో ఎలా అంటాను? ఇంకొంచెం వెనక్కి, ఆమె వైపు జరిగాను.